ఆటలలో కష్టము, నేర్పు

చదరంగమే కఠినమైన ఆట అని ఒక మిత్రుడనును. సెల్‌ఫోనులోని తుపాకుల ఆట అంతకంటె కఠినమని మరొకడు వాదించును. ఇరువురి మాటలోను నిజము కలదు. ఏలయన కష్టము ఒక్క తీరుది కాదు. ఏ ఆట మనలోని ఏ శక్తిని పరీక్షించునో తెలిసికొన్న పిదపనే పోలిక సాధ్యమగును.

మొదట మన పల్లెలలో బండలపై గీసి ఆడు పులిజూదమును చూతము. పులులు 3, మేకలు 15. పులుల వైపు ఆడువానికి దూకుటకు సందు కనిపెట్టు చూపు కావలెను. మేకల వైపు ఆడువాడు తొందరపడక, ఒక మేకకు వేరొకదానిని అండగా నిలిపి, పులులను కదలకుండ కట్టవలెను. ఆట ఒకటే అయినను నేర్పులు రెండు.

వీడియో ఆటలలోను ఇట్టి భేదములే కలవు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో ముక్కల రూపములు 7 మాత్రమే. నియమము పసివానికైనను బోధపడును. కాని వేగము హెచ్చిన కొలది కన్నును, వ్రేలును ఒక్కటై పనిచేయవలెను. తుపాకుల ఆటలకు గురితోపాటు తోడివారితో పొత్తు అవసరము. స్టార్‌క్రాఫ్ట్ వంటి వ్యూహపు ఆటలలో సంపద కూర్చుట, సేనను నడుపుట ఒకేసారి జరుగవలెను. పైగా శత్రువు కదలిక మరుగున ఉండును. చదరంగమున సర్వమును కన్నుల ఎదుటనే ఉండును. 1997లోనే డీప్ బ్లూ యంత్రము కాస్పరోవ్‌ను ఓడించెను. స్టార్‌క్రాఫ్ట్ 2లో యంత్రము అత్యున్నత శ్రేణిని చేరుటకు 2019 వరకు పట్టెను.

కాలము మారినను కష్టము మారును. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో 15 ఏండ్ల వయసుననే గ్రాండ్‌మాస్టరు అయ్యెను. ఆమె 2019, 2024 సంవత్సరములలో గెలిచిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో ఆటగానికి లభించునది 15 నిమిషములు, ఎత్తునకు 10 సెకనులు మాత్రమే. అచ్చట లోతైన ఆలోచనతోపాటు తక్షణ నిర్ణయము కావలెను.

ఒక ఆటలోని నేర్పు అన్నింటను పనికివచ్చునా? 1973లో చేజ్, సైమన్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. నిజమైన ఆటలోని పావుల అమరికను ప్రవీణులు ఒక్క చూపుతో జ్ఞాపకముంచుకొనిరి. పావులను క్రమము లేక చల్లినపుడు వారి ఆధిక్యము దాదాపు మాయమయ్యెను. కావున ఆట ఆడినంతనే జ్ఞాపకశక్తి పెరుగునని నమ్మరాదు.

నేర్పు కలదన్న మాటను పందెమునకు అనుమతిగా భావించుటయు పొరపాటే. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగ నేర్పుతో కూడిన ఆటగా తీర్మానించెను. అయినను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ రమ్మీని 2020లో మన రాష్ట్రము నిషేధించెను. 2025లో పార్లమెంటు చేసిన చట్టము నేర్పు, అదృష్టము అను భేదము లేకయే ఆన్‌లైన్ ధనక్రీడలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించెను.

సంస్కృత చతురంగము పారసీక, అరబ్బీ భాషల మీదుగా ఉర్దూలో షత్రంజ్ అయ్యెను, తెలుగున చదరంగమయ్యెను. మా తరగతిలో ఒకే పలకను రెండు పేర్లతో పిలుచుకొందుము. కళాశాల కమిటీవారు క్రీడాగదిలో చదరంగముతోపాటు పులిజూదపు పలకకును చోటు కల్పింపవలెనని మా మనవి. ఏ ఆట గొప్పదని తగవులాడుటకంటె, మనకు కొరవడిన నేర్పును ఏ ఆట నేర్పునో ఎంచుకొనుట మేలు.