తక్కువ ధర గిటారు – పాతకాలపు జాజ్ నాదం

పాతకాలపు జాజ్ గిటారు నాదం కావాలంటే లోపల బోలుగా వుండే పెద్ద గిటారే కొనాలి, అది కొనే స్తోమత లేనివాళ్ళు ఆ కోరిక మానుకోవాలి అని ఒక నమ్మకం ప్రచారంలో వుంది. దుకాణాల్లోనూ, వాయించే మిత్రుల మధ్యా ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఇందులో నిజం సగమే. ఆ నాదంలో ఎక్కువ భాగం తీగలో, పికప్‌లో, వాయించే వేళ్ళలో వుంది. కనుక సాలిడ్ బాడీ గిటారు, అంటే బోలు లేని గట్టి చెక్క గిటారు, తక్కువ ధరదైనా సరే, చూసి కొంటే ఆ పనికి చక్కగా వస్తుంది. ఎలా చూసి కొనాలన్నదే ఈ వ్యాసం.

నాకు ఈ దారి చూపింది మన తెలుగువాడే. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది బోలు మాండలిన్ కాదు. జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టిన విద్యుత్ మాండలిన్. మామూలు మాండలిన్‌లో నాదం టక్కున ఆరిపోతుంది, గమకం సాగదు. గట్టి చెక్కలో తీగ ఎక్కువసేపు పలుకుతుంది కనుక కర్ణాటక రాగానికి సరిపోయింది. 1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఆయన పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ అనే జాజ్ గిటారు విద్వాంసునితో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. 2014లో మనల్ని విడిచి వెళ్ళారు. ఆ రికార్డింగులు వింటూ పక్కనున్న గిటారు వైపు నా చెవి మళ్ళింది. అక్కడి నుంచి వెనక్కి, వెనక్కి నడిచి 1939 నాటి చార్లీ క్రిస్టియన్ దాకా పోయాను.

ఆ పాత నాదం అంటే ఏమిటి?

చార్లీ క్రిస్టియన్ అమెరికాలో నల్లజాతి యువకుడు. గిబ్సన్ కంపెనీ 1936లో విడుదల చేసిన ఇ.ఎస్.-150 అనే బోలు విద్యుత్ గిటారుతో 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. 1942లో, పాతికేళ్ళకే క్షయ వ్యాధితో చనిపోయాడు. ఆ రెండు మూడేళ్ళలోనే గిటారును తాళం వేసే వాద్యం స్థానం నుంచి పాట పాడే వాద్యం స్థానానికి తెచ్చాడు.

ఆ నాదాన్ని మాటల్లో చెప్పాలంటే మూడు లక్షణాలు. ఒకటి, గుండ్రంగా వుంటుంది. కీచుదనం వుండదు. రెండు, స్వరం మొదట్లో చిన్న 'థుడ్' అనే దెబ్బ వినిపిస్తుంది. మూడు, స్వరం చాలాసేపు సాగదు. పలికి, పక్కకు తప్పుకుని, తర్వాతి స్వరానికి చోటిస్తుంది.

ఈ మూడో లక్షణం దగ్గరే గట్టి చెక్కకూ బోలు చెక్కకూ తేడా వస్తుంది. బోలు గిటారులో తీగ కంపనం పై పలకను కదిలిస్తుంది. తీగ శక్తి పలకకు, పలక నుంచి గాలికి పోతుంది కనుక స్వరం త్వరగా ఆరుతుంది. గట్టి చెక్క కదలదు, తీగ తన శక్తిని తన దగ్గరే దాచుకుంటుంది. శ్రీనివాస్‌కు వరమైన ఆ గుణమే పాత జాజ్‌కు కొంచెం అడ్డం. అయితే ఎక్కువైన సాగుడును తగ్గించడం తేలిక, లేనిదాన్ని తెచ్చుకోవడమే కష్టం. బోలు గిటారుకు ఇంకో చిక్కుంది. స్పీకరు శబ్దం తగిలితే దాని పలక అనునాదం చెంది, పెళ్ళి పందిట్లో మైకు కూసినట్టు కూస్తుంది.

తేడా సొమ్ము దేనికి పోతుంది?

మాది వడమాలపేట దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. చెరుకు, వేరుశెనగ. గిటారు సంగతి ఎత్తినప్పుడు మా నాయన వద్దనలేదు. రెండు ధరలూ విని ఒకే మాట అన్నాడు: "రెండూ పలికేదే గదా. ఆ ఎక్కువ దుడ్లు దేనికి పోతాయో కనుక్కో, ఆమేలు మాట్లాడదాం." ఎరువుల బస్తా కొన్నా, బోరు మోటారు కొన్నా ఆయన అడిగేది ఇదే. భౌతికశాస్త్రం చదివేవాడికి దీనికంటే మంచి ప్రశ్న ఎవరిస్తారు?

జవాబు ఇది. బోలు గిటారు ధరలో పెద్ద భాగం పలకను చెక్కడానికి, పక్కలు వంచి అతకడానికి పోతుంది. బొబ్బిలి వీణను పనస చెక్కతో తొలిచినంత పని అది. కాని విద్యుత్ గిటారులో స్పీకరు దాకా పోయేది చెక్క చేసే శబ్దం కాదు, పికప్ పట్టుకున్న తీగ కదలిక. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటె సన్నని ఎనామిల్ రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టిన చుట్ట. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత అభివాహం మారుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపిన ప్రేరణ సూత్రమే. కాలిపోయిన మోటారుకు పుత్తూరులో వైండింగ్ చేయించిన రైతుకు ఈ వస్తువు కొత్తది కాదు.

పికప్ ఎక్కడుందో చూడండి

గిటారుపై సాధారణంగా రెండు మూడు పికప్‌లు వుంటాయి. పాత జాజ్‌కు మనకు కావలసింది మెడ దగ్గర వున్నది. కారణం లెక్కలో వుంది.

మీటిన తీగలో స్థిర తరంగాలు ఏర్పడతాయి. ప్రాథమిక స్వరానికి రెండు చివర్లు అస్పందన బిందువులు, నడిమధ్య ప్రస్పందన బిందువు. ఫెండర్ తరహా గిటారులో తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మెడ దగ్గరి పికప్ బ్రిడ్జి నుంచి సుమారు నాలుగో వంతు దూరంలో వుంటుంది. అక్కడ ప్రాథమిక స్వరపు కంపన పరిమితి గరిష్ఠంలో సైన్ 45 డిగ్రీలు, అంటే 0.71 వంతు. బ్రిడ్జి పక్కనున్న పికప్, బ్రిడ్జికి 40 మిల్లీమీటర్ల దూరంలో వుందనుకుంటే, అది పొడవులో పదహారో వంతు. అక్కడ సైన్ 11.25 డిగ్రీలు, అంటే 0.2 కన్నా కొంచెం తక్కువ. ఒకే తీగ, ఒకే మీటు. మెడ దగ్గర మూలస్వరం నిండుగా అందితే, బ్రిడ్జి దగ్గర పై అనుస్వరాలదే పెత్తనం. అంతేకాదు, నాలుగో వంతు స్థానం నాలుగో అనుస్వరానికి అస్పందన బిందువు. ఖాళీ తీగ మీటినప్పుడు ఆ మెరుపు అక్కడ దాదాపు వినిపించదు.

దీని నుంచి కొనేవాడికి ఒక సూచన వస్తుంది. వీణకు మెట్లు వున్నట్టే గిటారుకు ఫ్రెట్లు. 24వ ఫ్రెట్టు సరిగ్గా ఈ నాలుగో వంతు చోటికే వస్తుంది. 24 ఫ్రెట్లున్న గిటారులో పికప్‌ను బ్రిడ్జి వైపు నెట్టక తప్పదు. కాబట్టి 21 లేక 22 ఫ్రెట్లున్నదే ఎన్నుకోండి.

పికప్ రకాలు

ఒకే చుట్ట వున్న పికప్ స్పష్టంగా పలుకుతుంది, కాని ట్యూబులైటు చోకు నుంచి, కరెంటు తీగల నుంచి 50 సైకిళ్ళ రొదను కూడా పట్టుకుంటుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, రొద రద్దయి తీగ శబ్దం మిగిలేలా హంబకర్‌ను రూపొందించాడు. 1957 నుంచి అది గిటార్లలో వాడుకలోకి వచ్చింది. ఈ రెంటి నడుమ పి-90 అనే వెడల్పాటి ఒంటి చుట్ట పికప్ వుంది. 1940ల నాటి నాదానికి అది దగ్గరి చుట్టం. మన హాస్టళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే కనుక, రెండూ దొరికితే మెడ దగ్గర హంబకర్ వున్నదే నయమని నా అభిప్రాయం.

పేర్లను నమ్మవద్దు. ఫెండర్ కంపెనీ 1958లో జాజ్ వాళ్ళ కోసమే 'జాజ్‌మాస్టర్' అనే గిటారు చేసింది. జాజ్ వాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, సముద్రపు అలల సంగీతం వాయించే కుర్రాళ్ళు ఎత్తుకుపోయారు. అదే కంపెనీ అంతకు ముందు చేసిన టెలికాస్టర్‌కు 1951 నుంచి ఆ పేరుంది. నాటు సంగీతానికి పేరుపడిన ఈ పలక లాంటి గిటారు మీదనే కెనడా దేశపు ఎడ్ బికర్ట్ చాలా ఏళ్ళు మెత్తని జాజ్ వాయించాడు. మెడ దగ్గరి పికప్ స్థానంలో హంబకర్ పెట్టించుకున్నాడు. 1975లో టొరంటోలో పాల్ డెస్మండ్ శాక్సఫోన్‌తో ఆయన వాయించిన కచేరీ రికార్డింగు వినండి. కళ్ళు మూసుకుంటే బోలు గిటారనే అనుకుంటారు. నా వాదానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

తీగలు: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలం

తక్కువ ధర గిటార్లు సాధారణంగా సన్న తీగలతో వస్తాయి. మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యికి 9 వంతులు. పాత జాజ్‌కు 11 లేదా 12 కావాలి. లావు తీగ గుండ్రంగా పలుకుతుంది. మామూలు తీగలపై గుండ్రని చుట్టు వుంటుంది, వేలు జరిపితే గీరిన శబ్దం వస్తుంది. ఫ్లాట్‌వూండ్ అనే రకంలో రిబ్బను లాంటి చదును తీగను చుడతారు. నునుపుగా వుంటుంది, మెరుపు తక్కువ, స్వరం త్వరగా ఆరుతుంది. పైన చెప్పిన మూడు లక్షణాల్లో రెండు ఒక్క తీగల మార్పుతోనే వస్తాయి. ధర కాస్త ఎక్కువే గాని నెలల తరబడి వుంటాయి.

అయితే ఒక జాగ్రత్త. శ్రుతి మారకుండా తీగ మందం పెంచితే బిగువు మందం వర్గానుపాతంలో పెరుగుతుంది. 9 నుంచి 12కు పోతే మొదటి తీగలో సుమారు 78 శాతం ఎక్కువ. అందుకని స్ప్రింగుల మీద ఊగే బ్రిడ్జి వున్న గిటారు వద్దు, చెక్కకు బిగించిన బ్రిడ్జి వున్నదే మేలు. లావు తీగ కట్టాక మెడలోని ఇనుప కడ్డీని, తీగలు కూర్చునే గాట్లను సరిచేయించాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

అంగట్లో చూడవలసినవి

మొదట మెడ. నాగలి కర్రను చూసినట్టు ఒక కన్ను మూసి కొన నుంచి చూడండి. కాస్త ఒంపు కడ్డీతో సరవుతుంది. మెలి తిరిగితే మాత్రం పుత్తూరు కట్టు కట్టించినా లాభం లేదు.

రెండు, ఫ్రెట్లు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్టు దగ్గరా నొక్కి మీటండి. ఎక్కడైనా జరజరమంటే దానికి బ్రిడ్జి వైపున్న ఫ్రెట్టు లేచి వుండవచ్చు.

మూడు, శ్రుతి. 12వ ఫ్రెట్టు మీద తీగను ఊరకే తాకి మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటిగా వుండాలి. బ్రిడ్జి దగ్గరి మరలతో సరిచేయవచ్చు. మర చివరికంటా తిప్పినా కుదరకపోతే వదిలేయండి.

నాలుగు, మీటలు. టోన్ మీట తిప్పుతుంటే గరగర రాకూడదు, శబ్దం క్రమంగా మెత్తబడాలి. ఈ మీట చేసే పని చాలా సులువు. కెపాసిటర్ ద్వారా ఎక్కువ పౌనఃపున్యాలను భూమికి దింపేస్తుంది. పదిలో మూడు నాలుగు దగ్గర పెడితే మన నాదం మొదలవుతుంది.

చెక్క జాతి, రంగు, మెరుపు గూర్చి అమ్మేవాళ్ళు చాలా చెబుతారు. వినండి, కాని డబ్బు మాత్రం మెడకూ పికప్‌కూ పెట్టండి. స్క్వయర్ వారి టెలికాస్టర్ తరహావి, ఎపిఫోన్ వారి లెస్ పాల్ తరహావి, బిగించిన బ్రిడ్జి వున్న మరే గిటారైనా ఈ పరీక్షలకు నిలిస్తే చాలు. చెన్నై మనకు బస్సు దూరమే. చేత్తో పట్టి చూడకుండా కొనవద్దు. వాడిన గిటారు బాగుంటే ఇంకా మంచిది.

ఆంప్లిఫయర్, చేతివాటం

చాలామంది సొమ్మంతా గిటారుకు పెట్టి ఆంప్లిఫయర్‌కు మిగల్చరు. నా లెక్క పదికి ఆరు పాళ్ళు గిటారు, మూడు పాళ్ళు ఆంప్లిఫయర్, ఒక పాలు తీగలకూ సరిచేయడానికీ. శబ్దం పగలకుండా శుభ్రంగా పలకాలి, స్పీకరు వీలైతే 10 అంగుళాలు వుండాలి. మీటలు నిండుగా వుండే ఆకర్షణలకు లొంగవద్దు. బాస్ ఒక మోస్తరు, మధ్య స్థాయి కొంచెం ఎక్కువ, ట్రెబుల్ తక్కువ. పికప్‌ను మరలతో ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దించితే కరకుదనం ఇంకా తగ్గుతుంది.

స్వరం మరీ సాగితే బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క పెట్టండి, లేదా అరచేతి అంచు ఆనించండి. బోలు పలక చేసే పని అది కొంతవరకు చేస్తుంది. వెస్ మాంట్‌గోమరీ పలకతో కాక బొటనవేలితో మీటేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళ నిద్ర చెడకూడదని అలా మొదలుపెట్టాడని చెబుతారు. హాస్టల్ మిత్రులకు రెండు విధాలా ఆదర్శప్రాయుడు!

నేను చివరకు కొన్నది వాడిన టెలికాస్టర్ తరహా గిటారు. 12 నంబరు ఫ్లాట్‌వూండ్ తీగలు కట్టించాను. బోలు గిటారుకూ దానికీ తేడా బొత్తిగా లేదని అనను. ఆ గాలి, ఆ చెక్క వాసన లాంటి గుణం కొంచెం తక్కువే. కాని ఆ కొంచెం కోసం పెట్టవలసిన సొమ్ము ఒక ఎకరా చెరుకు సేద్యానికి సరిపడేదైతే, నేర్చుకునే దశలో వున్న విద్యార్థికి అది అవసరమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం. మన కళాశాలలో సంగీతం మీద మక్కువ వుండి ధర చూసి వెనక్కి తగ్గిన మిత్రులు కొందరున్నారని నాకు తెలుసు. వాళ్ళు అడగవలసిన ప్రశ్న 'ఎంత?' అని కాదు, 'దేనికి?' అని.