వైణికురాండ్ర చేతినొప్పి

వీణాభ్యాసము చేయు స్త్రీలలో చేతినొప్పి నెఱిగినవారు పెక్కురు. దానిని పైకి చెప్పుకొనువారు కొందఱే. చెప్పినచో సాధన మానుమందురేమో యను భయము కొందఱిది. నొప్పి లేనిదే విద్య రాదను మాటపై గౌరవము మఱికొందఱిది. ఈ రెంటి నడుమ ఎన్నియో వీణలు గవుసెన తొడుగుకొని గోడవార నిలిచిపోవుచున్నవి. చేతిని కాపాడుకొనుచు విద్యను నిలుపుకొను మార్గమును గూర్చి యిచట ముచ్చటింప దలచితిమి.

మేము నివసించు గోదావరిఖని బొగ్గుబాయిల యూరు. తట్టా చెమ్మస్‌లతో టబ్బులు నింపిన ఫిల్లర్ల చేతులను, డ్రిల్లు పట్టి పట్టి వ్రేళ్లు తిమ్మిరెక్కిన కార్మికుల చేతులను చూచిన యూరు. బాయిలో మణికట్టు బెణికిన పురుషునకు వైద్యుడు సెలవు వ్రాసి యిచ్చును. ఇంటిలో అతని యిల్లాలికి చేయి నొచ్చినచో సెలవు వ్రాయువారెవరు?

మా వీధిలో నొక చెల్లెలు కలదు. పుట్టినింట నేర్చిన వీణను అత్తవారి క్వార్టరునకు తెచ్చుకొన్నది. రెండవ కాన్పు తరువాత ఎడమచేతి బొటనవ్రేలి మొదట నొప్పి పుట్టి, చెంబు నైన నెత్తలేకపోయెను. తప్పంతయు వీణదేయని యింటివారు దానిని అటక యెక్కించిరి. నెల గడచినను నొప్పి పోలేదు. ఏల పోవును? పసిబిడ్డను చంకల క్రింద బొటనవ్రేళ్లు చాచి దినమునకు పదులసారులు ఎత్తుచునే యుండెను గదా! ఈ బాధను 1895లో స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు డి క్వెర్వెయిన్ వివరించెను. నేటికిని ఆయన పేరనే పిలుతురు. ఇది బాలెంతలకు తఱచుగ వచ్చును. ఆమె వైద్యుని సలహాపై బొటనవ్రేలికి పట్టీ ధరించి, బిడ్డ క్రింద అరచేతులు చేర్చి యెత్తుట యలవఱచుకొని, కొన్ని వారములకు కోలుకొనెను. వీణయు అటక దిగినది.

ఇట్టి నొప్పిని మనము "నరము పట్టినది" అందుము. చాలవఱకు పట్టినది నరము గాదు. వ్రేళ్లను బలముగ ముడుచు కండరములు ముంజేతియందున్నవి. వానినుండి త్రాళ్లవంటి స్నాయుబంధనములు మణికట్టు గుండ సాగి వ్రేళ్ల యెముకలకు కట్టుకొని యుండును. కొన్ని చోట్ల నవి సన్నని తొడుగులలో జాఱుచు కదలును. విశ్రాంతి లేక ఒకే కదలిక వేలసారులు జరిగినచో త్రాళ్లకు బడలిక గలిగి, తొడుగులు మందమై, రాపిడి పుట్టును. నొప్పి మొదలైన చోటును చూచి గాక, ఏ కదలిక దానిని పుట్టించినదో చూచి చికిత్స చేయవలెను.

ఇది నేటి వ్యాధియు గాదు. వ్రాయసకాండ్ర చేతులకు ఎడతెగని వ్రాతవలన గలుగు బాధను ఇటలీ వైద్యుడు రామజ్జిని 1713లోనే వర్ణించెను. జర్మనీ దేశపు షూమన్ ఇరువదేండ్లు దాటిన క్రొత్తలోనే కుడిచేతి వ్రేలు స్వాధీనము తప్పి పియానో వాదకవృత్తిని విడువవలసివచ్చెను. మన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున సంగీతరత్నాకరమందు వీణపై కుడిచేతి వ్యాపారములను, ఎడమచేతి వ్యాపారములను వేఱువేఱుగ నిరూపించెను. రెండు చేతుల పని వేఱైనపుడు రెంటి యలసటయు వేఱే.

వీణకు మెట్లు 24. వాయించు తంత్రులు 4, తాళపు తంత్రులు 3. కుడిచేతి చూపుడు, నడిమి వ్రేళ్లు మీటును. చిటికెనవ్రేలు తాళము వేయును. ఎడమచేయి దండిని చుట్టివచ్చి, తంతిని మెట్టుపై నొక్కి ప్రక్కకు లాగి, ఒక్క మెట్టుననే పైస్వరములను గూడ పలికించును. గమకమునకు ప్రాణమైన యీ లాగుటయే చేతికి పెద్దభారము. మణికట్టు మిక్కిలి వంచి వ్రేళ్లతో మాత్రమే లాగినచో భారమంతయు స్నాయుబంధనములపై బడును. మణికట్టును వీలైనంత తిన్నగ నుంచి, ముంజేయి మొత్తము కదలునట్లు లాగవలెను. బొటనవ్రేలితో దండిని బిగించి పట్టరాదు. భుజములు చెవులవైపు లేచుచున్నవేమో నడుమనడుమ చూచుకొనవలెను.

వీణ స్థితియు చూడవలెను. తంతి మెట్లకు మిక్కిలి యెత్తున నున్నచో ప్రతిస్వరమునకు అధికబలము కావలెను. మెట్లు నిలుచునది మైనముపై. రామగుండపు వేసవియెండకు మైనము మెత్తబడి మెట్లు కదలిన వీణ వ్రేళ్లను రెట్టింపు బాధించును. ఎండ సోకని చోట వీణ నుంచి, అవసరమైనపుడు తెలిసినవారిచే మేళము కట్టించుకొనుడు. తుప్పుపట్టిన తంతులను మార్చుడు. నొప్పి దినములలో శ్రుతి నొక మెట్టు దించినచో తంతి బిగువు తగ్గును.

సాధనవేళ మొదట సరళీ జంటస్వరములు మెల్లగ వాయించి, చేతులు వెచ్చబడిన పిదపనే తోడి, భైరవివంటి గమకభరిత రాగముల జోలికి పోవలెను. ఇరువది, ఇరువదియైదు నిమిషముల కొకమాఱు చేతికి విరామ మీయుడు. నవరాత్రులు వచ్చుచున్నవని ఒక్కసారిగ సాధన రెట్టింపు చేయకుడు. దుప్పట్లు పిండి, పిండి పిసికి, ఆ చేతితోనే వెంటనే వీణ ముందు కూర్చుండకుడు. కుట్టుపని నేర్చు చెల్లెండ్రు కత్తెరపట్టు వేళను గూడ లెక్కలో జేర్చుకొనవలెను. చేతికి అన్ని పనులును ఒక్క ఖాతాయే.

నొప్పి వచ్చినపుడు బాధించు కదలికను కొన్నాళ్లు మానుడు. చేతిని నెలలతరబడి కదపకుండ నుంచినను బిగిసిపోవును. క్రొత్త వాపునకు చల్లని తడిగుడ్డ, పాతబిగువునకు గోరువెచ్చని కాపడము హితము. బలముగ మర్దించుట, "నరము త్రొక్కించుట" కూడదు. నొప్పిమాత్రలు వైద్యుని యడిగియే పుచ్చుకొనుడు. మాత్రచే నొప్పి నణచి సాధన చేయుట మఱింత కీడు. తగ్గిన పిదప ఐదు నిమిషములతో నారంభించి, మఱునాడు నొప్పి పెరుగకున్నచో కొంచెము పెంచుకొనుడు. చేయి విశ్రమించు దినములలో స్వరములను నోట పాడుకొనుడు. విద్య నిలిచియే యుండును.

రాత్రులు బొటన, చూపుడు, నడిమి వ్రేళ్లు తిమ్మిరెక్కినను, ఉంగరపు, చిటికెన వ్రేళ్లు మొద్దుబాఱినను నిజముగ నరమే నొక్కుకొనుచున్నదేమో చూపించుకొనవలెను. ముడిచిన వ్రేలు టక్కున పట్టుకొని రాకున్నను, పట్టు సడలి వస్తువులు జాఱుచున్నను జాగు చేయరాదు. మధుమేహము, థైరాయిడు లోపము గలవారికి ఇట్టి బాధలు ఎక్కువ. ఆ పరీక్షలును చేయించుకొనవలెను. వ్రేలు ఎఱ్ఱబాఱి వాచి జ్వరము వచ్చినచో నాడే ఆసుపత్రికి పోవలెను.

తల్లులారా! బిడ్డ చేయి నొచ్చుచున్నదనిన సోమరితనమని కసరకుడు. కోడలి చేయి నొచ్చినచో వీణను అటక యెక్కించుటకు ముందు, ఆమె చేతినుండి తడిబట్టల బకెట్టు నందుకొనుడు.