దుమ్ము చొరబడని గది కట్టాలంటే...

ఇల్లంతా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, హమ్మయ్య అనుకుంటాం. కిటికీలోంచి ఎండపొడ పడిందంటే చాలు, గాల్లో నలుసులు తేలుతూ కనిపిస్తాయి. ఇంట్లో అయితే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. నరంలోకి ఎక్కించే ఇంజెక్షన్, కంట్లో వేసే చుక్కలమందు తయారయ్యే చోట వదిలేయడానికి వీల్లేదు. అందుకోసం కట్టే గదినే క్లీన్‌రూమ్ అంటారు. అలాంటి గదులకు ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టించడమే పదహారేళ్లుగా నా ఉద్యోగం. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ... ఎక్కడ మందుల కర్మాగారం లేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని బయల్దేరాల్సిందే.

'మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది గదులు తుడిపించడానికా?' అని మా పిన్ని ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. తుడిస్తే పోయే దుమ్మయితే నాకు ఉద్యోగమే ఉండేది కాదు పిన్నీ అంటాను.

ఎందుకింత పట్టింపు?

మాత్ర మింగితే పొట్టలోని ఆమ్లం కొంత కాపలా కాస్తుంది. ఇంజెక్షన్‌కు ఆ కాపలా లేదు, నేరుగా రక్తంలోకే. కంటి చుక్కల సంగతీ అంతే. 2023లో అమెరికాలో జరిగింది చూడండి. తమిళనాడులోని ఒక కర్మాగారంలో తయారైన కంటి చుక్కలతో ముడిపడిన ఇన్ఫెక్షన్ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకిందని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం తేల్చింది. 14 మందికి చూపు పోయింది. నలుగురికి కంటిగుడ్డే తీసేయాల్సి వచ్చింది. మరో నలుగురు చనిపోయారు. ఈ అంకెలు తలుచుకున్నప్పుడల్లా, ప్లాన్ కాగితం మీద నేను గీసే ప్రతి గీత చివర ఒక రోగి ఉన్నట్టే అనిపిస్తుంది.

కంటికి కనిపించని లెక్క

మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మేం లెక్కపెట్టేది అర మైక్రాన్ నలుసుల్ని! మందును సీసాలో నింపే చోట ఒక ఘనపు మీటరు గాలిలో అలాంటివి 3,520కి మించకూడదు. మామూలు గది గాలిలో అవి లక్షల్లో, కోట్లలో ఉంటాయి.

మరి ఎలా ఆపుతాం? గుడిలో ప్రాకారం, మండపం, గర్భగుడి ఉన్నట్టు ఇక్కడా గదిలోపల గది ఉంటుంది. బయటి నుంచి డి, సి, బి గ్రేడులు దాటుకుంటూ వెళ్తే మధ్యలో ఎ గ్రేడు. సీసాలో మందు పడేది అక్కడే. లోపలికి పోయేకొద్దీ గాలి ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచుతాం. గదికీ గదికీ మధ్య 10 నుంచి 15 పాస్కల్స్ తేడా. తలుపు తీసినప్పుడు లోపలి శుభ్రమైన గాలి బయటికి తోసుకొస్తుందే గానీ, బయటి గాలి లోపలికి పోదు. రెండు గదుల మధ్య ఉండే ఎయిర్‌లాక్‌లో ఒక తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది.

గాలి వచ్చేది కప్పులో బిగించిన హెపా ఫిల్టర్ల గుండా. మేం వాడే రకం పరీక్షలో 99.995 శాతం నలుసుల్ని పట్టేస్తుంది. సీసాలు నింపే చోట ఆ గాలి సెకనుకు దాదాపు 0.45 మీటర్ల వేగంతో ఒకే దిశలో తిన్నగా కిందికి దిగుతూ నలుసుల్ని తోసుకుపోతుంది. గాలినే చీపురు చేసిన ఈ పద్ధతి 1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆలోచన.

ఇక గోడ, నేల కలిసే చోట మూల ఉండదు. చెయ్యి జారిపోయేలా వంపు తిప్పుతాం. చెక్క సామాను, అట్టపెట్టెలు నిషిద్ధం. ఎ, బి గ్రేడు గదుల్లో నీళ్లు పోయే తూము కూడా పెట్టకూడదు. తడి ఉన్నచోటే క్రిములకు కాపురం!

అసలు దుమ్ము ఎవరు?

ఇన్ని చేశాక లోపలికి దుమ్ము మోసుకెళ్లేది ఎవరనుకుంటున్నారు? మనమే! కదలకుండా నిలబడినా మన ఒంటి నుంచి చర్మపు పొట్టు రాలుతూనే ఉంటుంది. అందుకే లోపలికి వెళ్లేవాళ్లు తల నుంచి కాలి వరకు ముసుగు వేసుకుంటారు. పౌడరు, కాటుక, బొట్టు, పూలు, గాజులు, ఉంగరం ఏవీ ఉండకూడదు. పుస్తెలు తీయడానికి మొదట్లో కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయిల్ని చూశాను. 'అత్తగారికి తెలిస్తే ఊరుకోదు మేడమ్' అనేవాళ్లు. ఎవరి సొరుగు వాళ్లకు, ఎవరి తాళం వాళ్లకు ఇస్తే ఆ బెంగ సగం తీరుతుంది. ఇదీ ప్లానులో గీయాల్సిందే.

కొన్నేళ్ల క్రితం ఒక కర్మాగారం ప్లానులో ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది మగవాళ్ల గదిలో మూడో వంతు ఉండాలన్నారు. 'ఆడవాళ్లు ఆరుగురే గదా' అన్నారు యాజమాన్యం వారు. వాళ్ల పాత యూనిట్‌లో పనిచేసే అమ్మాయిల్ని పక్కకు పిలిచి మాట్లాడాను. బాత్రూమ్‌కు వెళ్లాలంటే ముసుగంతా విప్పి, బయటికొచ్చి, మళ్లీ చేతులు కడుక్కుని కొత్త జత తొడుక్కోవాలి. దానికి అరగంట. సూపర్‌వైజర్ ముఖం చిట్లిస్తాడని పొద్దుట్నుంచి చుక్క నీళ్లు తాగకుండా పనిచేస్తున్నారు. 'మూత్రంలో మంట మాకు మామూలే మేడమ్' అంది ఒకమ్మాయి, అదేదో జలుబైనట్టు!

మర్నాడు మీటింగులో జాలి మాటలు చెప్పలేదు. 'ఇరుకు గదిలో ఒకరికొకరు తగులుతూ, హడావిడిగా తొడుక్కుంటే గౌను నేలను తాకుతుంది. ఆ క్రిములు మీ ఫిల్లింగ్ గదికే వస్తాయి. ఒక్క బ్యాచ్ పారబోస్తే పోయే డబ్బుతో ఇలాంటి గదులు ఎన్ని కట్టొచ్చో మీరే లెక్క వేసుకోండి' అన్నాను. గంటసేపు వాదన తర్వాత గది రెట్టింపు చేశారు. ప్రతి షిఫ్టులో మార్చి మార్చి విరామం ఇచ్చేందుకు ఒక మనిషిని అదనంగా పెట్టడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఉద్యోగానికి వెళ్తున్నారా?

మైక్రోబయాలజీ, ఫార్మసీ చదివిన అమ్మాయిలకు ఈ రంగంలో అవకాశాలున్నాయి. 2023 డిసెంబరులో కేంద్రం మందుల తయారీ నిబంధనల్ని, అంటే షెడ్యూల్ 'ఎం'ను సవరించింది. దాంతో పాత యూనిట్లు కూడా తమ గదుల్ని సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని ఎన్నో అడుగుతారు. మీరూ మొహమాటపడకుండా ఇవి అడగండి:

* ఒక విడతలో ఎంతసేపు లోపల ఉండాలి? మధ్యలో బయటికొస్తే ఆ చోటు ఎవరు చూస్తారు?

* ఆడవాళ్లకు విడిగా బట్టలు మార్చుకునే గది, తాళం ఉన్న సొరుగు ఉన్నాయా?

* మీ కొలతకు సరిపోయే గౌను, చేతి తొడుగులు ఇస్తారా? వదులు గౌను ఇబ్బందే కాదు, ప్రమాదం కూడా.

* జలుబు, చర్మం మీద పుండు, దద్దుర్లు ఉన్న రోజు చెబితే జీతం కోయకుండా బయటి పని ఇస్తారా? జీతం పోతుందంటే ఎవరు చెబుతారు? చెప్పకపోతే నష్టపోయేది రోగి.

ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే చోట మీ ఆరోగ్యమూ బాగుంటుంది, అక్కడ తయారయ్యే మందూ బాగుంటుంది. నీళ్లు తాగడానికి భయపడే మనిషి చేతుల మీదుగా శుభ్రమైన మందు ఎన్నాళ్లు వస్తుంది చెప్పండి?