మీకు తెలుసా? ఫార్మాట్ చేసినా ఫైళ్లు పోవు!

హార్డ్ డిస్కును 'క్విక్ ఫార్మాట్' చేసినా అందులోని ఫొటోలు, పత్రాలు దాదాపు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి! పోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని మళ్లీ బయటికి తీయొచ్చు. విండోస్ ఎక్స్‌పీలోనైతే పూర్తి ఫార్మాట్ కూడా డేటాను చెరిపేది కాదు, పాడైన సెక్టార్లను వెతికేదంతే. డిస్కంతా సున్నాలు రాయడం 2007లో మార్కెట్‌లోకి వచ్చిన విస్టాతో మొదలైంది.

జహీరాబాద్‌లో పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ మళ్లీ ఎక్కించుకుని, తీసేసిన హార్డ్ డిస్కును అమ్మేవారికి ఇది తప్పక తెలియాలి. ఆధార్ కాపీ, పిల్లల ఫొటోలు దానితోపాటే కొన్నవారి చేతికి వెళ్తాయి. అమ్మేముందు 'క్విక్ ఫార్మాట్' పక్కనున్న టిక్కు తీసేసి ఫార్మాట్ చేయండి. 1 టీబీ డిస్కుకు కొన్ని గంటలు పడుతుంది.