ఆన్‌లైన్ అంగడికి తగిన సాధనము నెన్నుకొనుట



విత్తనము నెన్నుకొనునప్పుడు మనము నేలను చూతుము, నీటిని చూతుము, మన చేతి సత్తువను చూతుము. పొరుగువాని చేలో బాగుగ పండినదను మాటనుబట్టి మాత్రమే తెచ్చి చల్లము. కాని పండిన సరకును ఆన్‌లైనులో అమ్మ తలపెట్టినప్పుడు మాత్రము ఈ వివేకము మనలను విడిచిపోవుచున్నది. ఎవరో పొగడిన మొదటి సాఫ్ట్‌వేరునకే సొమ్ము కట్టుచున్నాము. ఈ తప్పు నేనును చేసితిని. కావుననే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మూడేండ్ల క్రిందట నా సర్కిలులోని యొక గ్రామమున కొందఱు రైతులు కలిసి, తమ పసుపును కొమ్ములుగ యార్డునకు తోలుటకు మాఱు, పొడి కొట్టించి పట్టణవాసులకు తిన్నగ అమ్మ నిశ్చయించిరి. వారు నన్ను సలహా యడిగిరి. అప్పుడే నాకు పరిచితుడైన యొక యేజెంటు మాట తియ్యగ నుండుటచే, అతడు చూపిన అంగడినే తీసికొనుడని చెప్పితిని. ఏడాది అద్దె ముందుగ చెల్లించిరి. అంగడి పేరును ఆ యేజెంటు తన పేరిటనే రిజిష్టరు చేయించెను. తాళపుమాట, అనగా పాస్‌వర్డు, అతనియొద్దనే యుండెను. ఏడాది గడచునప్పటికి అతడు ఊరు మారెను, ఫోను పలుకదాయెను. అంగడి మూతపడెను. కొన్నవారి పేళ్లు, చిరునామాలు అన్నియు దానితోనే పోయెను. గుమాస్తాగా నున్న యొక వృద్ధుడు తపాలా రసీదులను దారమున గుచ్చి దాచియుంచుటచేత కొంతమంది చిరునామాలు మరల దొరకినవి గాని, లేనియెడల ఏడాది శ్రమయు బూడిదలో పోసిన పన్నీరే యయ్యెడిది. ఆ రైతులు నన్ను ఒక్క మాటయు ననలేదు. ఆ మౌనమే నాకు పాఠమైనది.

ఇక విషయమునకు వత్తము. ఆన్‌లైనులో అమ్ముటకు మార్గములు ముఖ్యముగ మూడు.

మొదటిది సంతలో గంప దించుట వంటిది. అమెజాను, ఫ్లిప్‌కార్టు వంటి పెద్ద బజారులలో మన సరకు నుంచుట. అచ్చట జనము ముందే యున్నారు; మనము పిలువ నక్కఱలేదు. కాని సంతవాడు ఆశీలు తీసికొనును. కొన్నవాడు మన ఖాతాదారుడు గాడు, సంతవాని ఖాతాదారుడు.

రెండవది బజారులో అద్దెకొట్టు వంటిది. ఇందులో పేరొందినది షాపిఫై. కెనడా దేశమున 2004లో మంచుపై జారు పలకల నమ్మబోయిన కొందఱు, తమకు తగిన అంగడి సాఫ్ట్‌వేరు దొరకక తామే వ్రాసికొని, 2006లో దానినే యితరుల కద్దెకిచ్చుట ప్రారంభించిరి. ఇట్టి కొట్టులో మరమ్మతు, కావలి యజమాని చూచుకొనును. నెలనెలా అద్దె కట్టవలెను. అద్దె మానిన దినమున తలుపు మూసుకొనును.

మూడవది సొంత యిల్లు వంటిది. వర్డ్‌ప్రెస్ మీద నడచు వూకామర్సు ఇందులకు మంచి యుదాహరణము. 2011లో బయలుదేరిన యీ సాఫ్ట్‌వేరు ఉచితము. ఎవ్వరైనను దించుకొని వాడుకొనవచ్చును. కాని ఉచితమన్న మాటకు మోసపోరాదు. ఇల్లు నిలుపుటకు స్థలపు అద్దె, అనగా హోస్టింగు, ఉన్నది. పేరునకు ఏటేట రుసుమున్నది. కప్పు నేయించునట్లు కాలానుసారముగ అప్‌డేటులు చేయు మనిషి కావలెను. మాజెంటో యను సాఫ్ట్‌వేరు మొదటి తరమునకు 2020 జూను నెలతో మరమ్మతులు ఆగిపోయినవి. దానిపై కట్టుకొన్న అంగళ్లవారు క్రొత్త దానికి మారుటయో, దొంగలకు తలుపు తెఱచియుంచుటయో తప్పని స్థితి యేర్పడెను. సొంత యింటికి సొంత పూచీ యని దీనినిబట్టి తెలియును.

వీనికి తోడు, భారత ప్రభుత్వ ప్రోత్సాహమున 2021 డిసెంబరులో సంస్థగ నేర్పడిన ఓ.ఎన్.డి.సి. యను జాలము గలదు. ఇందులో అమ్మువాడు ఒక యాప్‌లో చేరినచో, కొనువాడు వేఱొక యాప్‌నుండియు ఆ సరకును చూడగలడు. ఇదియు విచారింపదగినదే.

ఏది మేలని యడిగినయెడల, ముందు లెక్క వేయుడని నా మనవి. ఒక పార్సిలు వెల 300 రూపాయ లనుకొందము. సరకు, పొట్లము కలిసి 190, తపాలా 60. మిగిలినది 50. సొమ్ము వసూలు చేయు సంస్థ నూటికి 2 వంతున 6 రూపాయలును, ఆ రుసుముపై నూటికి 18 వంతున పన్ను 1 రూపాయి 8 పైసలును తీసికొన్నచో, మనకు 42 రూపాయల 92 పైసలు నిలుచును. కొన్ని అద్దెకొట్లు, తమ వసూలు పద్ధతి గాక యితరుల పద్ధతి వాడినయెడల, బేరముపై వేఱొక రుసుము విధించును. అది మఱి 6 రూపాయలైనచో నిలుచునది 36 రూపాయల 92 పైసలు. నెలకు అద్దె 2,000 రూపాయ లైనయెడల, 55 పార్సిళ్లు అమ్మినగాని అద్దె గిట్టదు. 56వ పార్సిలునుండి మాత్రమే ఆ మిగులంతయు రైతునకు లాభము. పెద్ద బజారులో కమీషను నూటికి 15 అనుకొన్నచో 45 రూపాయలు, దానిపై పన్ను 8 రూపాయల 10 పైసలు. వసూలు రుసుము అందులోనే చేరినదన్నను, పార్సిలునకు 3 రూపాయల 10 పైసలు చేతినుండి పెట్టుకొనవలసియుండును. ఈ యంకెలు ఉదాహరణమునకే. మీ సరకునకు మీ యంకెలు వేసికొనుడు. లెక్క కాగితముపై గిట్టనిది సాఫ్ట్‌వేరులో గిట్టదు.

కావున నెలకు పది యిరువది పార్సిళ్లు మాత్రమే పోవు సంఘమునకు ఏ సాఫ్ట్‌వేరును అక్కఱలేదు. వాట్సాప్ బిజినెస్‌లో సరకుల పట్టీ యుంచి, సంఘపు ఖాతాకు యు.పి.ఐ. ద్వారా సొమ్ము పుచ్చుకొని, నోటుపుస్తకమున వ్రాసికొనుట చాలును. మొలక నిలద్రొక్కుకొన్న పిమ్మటనే పందిరి వేయుదుము గదా.

అంగడి నిశ్చయించునప్పుడు అమ్మజూపువానిని ఈ ప్రశ్న లడుగుడు.

ఒకటి: మేము విడిచిపోవు దినమున కొన్నవారి పట్టీని, సరకుల పట్టీని, లెక్కలను ఫైలుగ దించి యిత్తురా? దీనికి సూటియైన జవాబు రానిచోట సొమ్ము కట్టకుడు.

రెండు: అంగడి పేరు ఎవరి పేరిట రిజిష్టరగును? సంఘము పేరిటనే కావలెను. సహకార సంఘములకే ప్రత్యేకించిన డాట్ కో-ఆప్ అను అంత్యము గూడ గలదు. ఏదైనను రసీదు, తాళపుమాట సంఘపు పెట్టెలో నుండవలెను. ఆ సంగతి మినిట్సు పుస్తకమున కెక్కవలెను.

మూడు: పావుకిలో, అరకిలో, కిలో పొట్లములను వేఱువేఱుగ చూపి, నిలువ అయిపోయినప్పుడు దానంతటదే అమ్మకము నాపునా? మామిడివంటి ఋతుపంటకు ఇది ప్రాణము. లేని పండ్లకు సొమ్ము పుచ్చుకొనుట కంటె అపకీర్తి లేదు.

నాలుగు: తూకమునుబట్టి, పిన్‌కోడునుబట్టి తపాలా ఖర్చు లెక్క కట్టునా? యు.పి.ఐ. ద్వారా సొమ్ము వచ్చునా? తెలుగు అక్షరములు సరిగ కనబడునా? చౌక ఫోనులో, సన్నని సిగ్నలులో తెఱచుకొనునా?

జవాబులు నోటిమాటగ విని యూరకుండక, ముగ్గురు సభ్యులచేత మూడు ఫోనులనుండి తలకొక పార్సిలు కొనిపించి, ఒక దానిని త్రిప్పి పంపించి చూడుడు. ఏడాదికి గాక నెలకు మాత్రమే చెల్లించి ప్రారంభింపుడు.

చట్టపు సంగతులును మఱువరాదు. ఆహారపు సరకునకు 2006 సంవత్సరపు ఆహార భద్రతా చట్టము క్రింద నంబరు కావలెను. పొట్లముపై తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర తూకము, గరిష్ఠ ధర మొదలగు వివరము లుండవలెను. అవి చాలవఱకు అంగడి పేజీలోను కనబడవలెను. పన్ను గల సరకును ఇతర రాష్ట్రములకు పంపుటకు ముందు జి.ఎస్.టి. రిజిస్ట్రేషనును గూర్చి లెక్కల పండితుని తప్పక యడుగుడు. అమ్మకము కొంచెమే గదా యని తలచరాదు.

పైన చెప్పిన గ్రామపు రైతులు పోయినవారి నెంచి వగచుచు కూర్చుండలేదు. ఆ దారమున గుచ్చిన రసీదులనుండి చిరునామాలు వ్రాసికొని, ఒక్కొక్కరికి ఉత్తరము వ్రాసిరి. ఒక యేడు ఫోనులోని పట్టీతోనే నడిపిరి. ఇప్పుడు సొంత యింటి పద్ధతిని అంగడి కట్టుకొని, నెలనెలా మొదటి తేదీని కొన్నవారి పట్టీని దించి అచ్చు వేయించి ఫైలులో గుచ్చుచున్నారు. ఆ పని చేయువాడు ఆ వృద్ధ గుమాస్తాయే. అతని ప్రక్కన ఇంటరు చదువు మనుమరాలు కూర్చుండి కంప్యూటరు నొక్కును. అతడు ఎంచి సంతకము చేయును.

సాఫ్ట్‌వేరు మారవచ్చును, వాని పేళ్లు మారవచ్చును. కొన్నవాని నమ్మకమును, వాని చిరునామాయును సంఘపు ఆస్తి. దానిని పరుల గాదెలో పోయకుడు.

ఇట్లు,
ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు