కంటికి కనబడని ఇనుము లోపం

మా శ్రీమతి రెండేళ్లుగా నీరసంతో, జుట్టు రాలడంతో బాధపడుతుండేది. ఇంటి చాకిరీ వల్లనేనని ఇద్దరమూ సరిపెట్టుకున్నాము. ఒకనాడు మా ఆరోగ్య బీమా పత్రాన్ని శ్రద్ధగా చదివితే, ఏడాదికొకసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించుకునే సౌకర్యమున్నదని తెలిసింది. ఆసుపత్రిలో చేరితేనే బీమా అక్కరకు వస్తుందన్న అపోహతో అంతవరకు దానిని వినియోగించుకోలేదు.

పరీక్షలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.1 గ్రాములని వచ్చింది. గర్భిణులు కాని స్త్రీలకు 12కు తగ్గితేనే రక్తహీనతగా పరిగణిస్తారు. అయినప్పటికీ లక్షణాలను గమనించిన వైద్యుడు ఫెరిటిన్ పరీక్ష చేయించమన్నారు. ఆ ఖర్చు బీమాలో లేదు, మేమే భరించాము. శరీరంలోని ఇనుము నిల్వలు అడుగంటినట్లు తేలింది. నిల్వలు తరిగిన తరువాతనే హిమోగ్లోబిన్ పడిపోతుంది. కనుకనే ఈ లోపం చాలాకాలం దాగి ఉంటుంది. ముదిరితే ఆయుర్వేదం పాండురోగమని వర్ణించిన స్థితికి దారితీయవచ్చు.

వైద్యుడు సూచించిన మాత్రలతోపాటు వంటలోనూ మార్పు చేశాము. తోటకూర పప్పును దించిన తరువాత నిమ్మరసం పిండుతాము. అందులోని 'సి' విటమిను ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ త్రాగడం మానివేశాము. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు వాడరాదు. శాకాహారులు బి12 పరీక్ష గురించి కూడా వైద్యుని అడగడం మంచిది. ఆ విటమిను ఆకుకూరలలో లభించదు.

పాఠకులు తమ బీమా పత్రంలో మూడు సంగతులు చూసుకోవాలి: ఆరోగ్య పరీక్ష సౌకర్యం ఉన్నదా, అది ఎన్నేళ్లకొకసారి, అందులో ఏయే పరీక్షలున్నవి? మాకు ఆ ఒక్క పుట చదవడానికి రెండేళ్లు పట్టింది.