మానిటర్ 1080పీ.. వీడియో 4కే!

‘గడ్డి కనిపిస్తే చాలు, నీ గేమ్ వీడియో అంతా మసకే అన్నా’ అంటాడు తమ్ముడు. పంతం కొద్దీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో అవుట్‌పుట్‌ని 4కే చేశా. ఫైల్ ఉబ్బింది, మసక పోలేదు! పోదు మరి.. గేమ్ గీసిందే 1920×1080 పిక్సెళ్లు. దాన్ని సాగదీస్తే కొత్త వివరాలు ఎక్కణ్నుంచి వస్తాయి?

అసలు కిటుకు గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో ఉంది. ఎన్విడియాలో డీఎస్ఆర్, ఏఎమ్‌డీలో వర్చువల్ సూపర్ రిజల్యూషన్. అది ఆన్ చేసి, గేమ్‌లో 3840×2160 ఎంచుకుంటే బొమ్మ నిజంగానే ఆ సైజులో తయారవుతుంది. మానిటర్‌కి మాత్రం కుదించి పంపుతుంది. ఓబీఎస్‌లో బేస్, అవుట్‌పుట్ రెండూ అదే సైజుకి మార్చి, గేమ్ క్యాప్చర్‌తో రికార్డ్ చేయాలి.

కాకపోతే పిక్సెళ్లు 4 రెట్లు! నా పాత కార్డుకి ఆయాసమొచ్చి గేమ్ స్లైడ్ షో అయిపోయింది. చివరికి 1440పీ దగ్గర రాజీపడ్డా. గడ్డిపోచలు విడివిడిగా కనిపిస్తున్నాయి. తమ్ముడు ఫోన్‌లో చూసి, ‘ఇప్పుడు ఫర్లేదన్నా’ అన్నాడు.